ఇద్దరేసి ఎందుకు వెళ్తున్నారో అడిగారా?

ప్రశ్న: సార్, మాది పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ. నాన్నగారి తర్వాత మూడేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. 48 మంది పనివాళ్లు, అందులో 40 మంది ఆడవాళ్లే. ఏడాదిగా పని బాగా తగ్గింది. గుండు పప్పు తగ్గి బద్ద, ముక్క ఎక్కువగా వస్తోంది. కొందరు చెప్పాపెట్టకుండా వారానికి రెండు రోజులు మానేస్తున్నారు. బద్ద ఎక్కువ చేసినవాళ్లకి కూలిలో కోత పెట్టాను. ‘ఈ నెల ఉత్తమ కార్మికురాలు’ అని ఫొటో పెట్టి చీర ఇచ్చాను. విశాఖ నుంచి ఒకాయన్ని పిలిపించి మోటివేషన్ క్లాసు చెప్పించాను. ఆడవాళ్లు ఇద్దరేసి షెడ్డు వెనక్కి పోయి పావుగంట కబుర్లు చెప్పుకొని వస్తున్నారని అటువైపు కూడా సీసీ కెమెరా పెట్టించాను. ఏం చేసినా ఫలితం లేదు. వీళ్లు సంతోషంగా ఉండాలి, పనీ పెరగాలి. ఏం చేయమంటారు?
— పేరు వద్దు, పలాస–కాశీబుగ్గ

సమాధానం:

బాబూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ‘పని పెరగాలి’ అనే ముందు ‘సంతోషంగా ఉండాలి’ అని రాశారు. ఆ మాట రాశారు కాబట్టే మీకు ఉన్నదున్నట్టు చెప్పొచ్చనిపించింది.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది కోతల సంగతి కాదు, చీర సంగతీ కాదు. ఇద్దరేసి వెనక్కి పోతున్నారన్నారే, అది. ఇద్దరే ఎందుకు? కబుర్లకైతే నలుగురూ పోవచ్చు. ఒక్కరే ఎందుకు పోవడం లేదు? ఆ వెనకే కదా మీ మరుగుదొడ్డి ఉంది? దాని తలుపుకి లోపలి వైపు గడియ ఉందా? మేస్త్రీని పంపి కనుక్కోకండి. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక మీరే వెళ్లి తలుపు వేసుకుని చూడండి. ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని కాపలా ఉంటున్నారేమో. నా అనుమానం అదే.

ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో చెబుతాను. విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లులో పాతికేళ్లకు పైగా వెల్ఫేర్ ఆఫీసరుగా పనిచేశాను. గోనె సంచులు కుట్టే సెక్షన్‌లో ఆడవాళ్లు ఉండేవారు. ఒక మే నెలలో, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, వాళ్లలో ఒకావిడ కుట్టుతున్న సంచి మీదికే ఒరిగిపోయింది. నలుగురం మోసుకుని డిస్పెన్సరీకి తీసుకెళ్లాం. కాంపౌండరు నాలుక చూసి, ఎప్పుడు నీళ్లు తాగావని అడిగాడు. పొద్దున్న ఐదింటికి ఇంట్లో తాగిన టీయే, తర్వాత చుక్క లేదు. మంచినీళ్ల కుండ ఆమె కూర్చునే చోటికి పది అడుగుల దూరంలోనే ఉంది. ఎందుకు తాగలేదమ్మా అంటే, ‘నీల్లు తాగితే మరి బయటకెల్లాల కదా బాబూ. ఆ తలుపుకి గెడ నేదు. ఎవుల్నో ఒకల్ని తోడు రమ్మనాల. రోజూ ఎవులొస్తారు?’ అంది.

ఆ గడియ కోసం నేను అప్పటికే మూడు కాగితాలు రాసి ఉన్నాను. వచ్చే బడ్జెట్‌లో చూద్దామని పైనుంచి జవాబు వచ్చింది. ఆ సాయంత్రం బజారుకెళ్లి నా డబ్బుతోనే గడియ కొని, వడ్రంగిని తీసుకొచ్చి బిగించాను. పది నిమిషాల పని. దానికోసం కాగితాలు రాస్తూ నేను గడిపిన ఏడు నెలలు ఇప్పటికీ గుర్తొస్తే మనసు బాధపడుతుంది.

కాబట్టి మొదటి పని, ఆ వెనక పెట్టిన కెమెరా ఈ రోజే తీయించండి. గేటు దగ్గర ఉంచండి, స్టాకు రూము దగ్గర ఉంచండి, ఎవరూ కాదనరు. మరుగుదొడ్డి దారి మీద కెమెరా ఉంటే ఆడవాళ్లు అటు పోవడం మానేస్తారు. పోవడం మానేయాలంటే నీళ్లు తాగడం మానేయాలి. మీ ఫ్యాక్టరీలో బాయిలరు ఉంటుంది, పప్పు ఆరబెట్టే బోర్మా ఉంటుంది, పైన రేకుల షెడ్డు ఉంటుంది. అలాంటి వేడిలో పనిచేసేవాళ్లు దాహం వేసేదాకా ఆగకుండా 20 నిమిషాలకొకసారి గ్లాసు నీళ్లు తాగాలని వృత్తి ఆరోగ్య నిపుణులు చెబుతారు. నీళ్లు తాగని ఒళ్లు మధ్యాహ్నానికి నీరసపడుతుంది. తల నొప్పి పుడుతుంది, చేతివేళ్లు మాట వినవు. మీకు పని తగ్గినట్టు కనిపిస్తున్నది ఏ గంటల్లో? ఒక వారం పాటు పొద్దుటి తూకం, మధ్యాహ్నం తూకం విడివిడిగా రాయించి చూడండి.

పైగా మీరున్నది ఉద్దానం అంచున. కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలోకి వచ్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు. దానికి ఇదీ కారణమని ఎవరూ తేల్చలేదు, నేనూ అనడం లేదు. కానీ అలాంటి ప్రాంతంలో ఎనిమిది గంటలు నీళ్లు తాగకుండా కూర్చోబెట్టే షెడ్డు ఉండకూడదు. ఒక జాగ్రత్త మాత్రం గుర్తుంచుకోండి. ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు నీళ్లు ఎంత తాగాలో డాక్టరు కొలత చెప్పి ఉంటాడు. వాళ్లని బలవంతంగా తాగించకండి, వాళ్ల లెక్క వాళ్లదే.

ఇక్కడే ఇంకో మాట. వారానికి రెండు రోజులు మానేస్తున్నారన్నారు. అవి ప్రతివారం అవే రెండు రోజులా? హాజరు పుస్తకం తీసి ఒక్కొక్క మనిషికీ చూడండి. ఒకే మనిషి ప్రతివారం అవే రోజులు రాకపోతే అది బద్ధకం కాదు. ఇంట్లో ఎవరికో డయాలసిస్ జరుగుతూ ఉండొచ్చు. ఒక్కసారి మిషను మీద పడుకుంటే నాలుగు గంటలు, పోనూ రానూ ఇంకో రెండు మూడు గంటలు, పక్కన ఒక మనిషి ఉండాలి. భర్తకో అత్తకో తోడుగా పోయే ఆ మనిషి మీ షెడ్డులో పొట్టు తీసే ఆవిడే కావచ్చు. చెబితే పనిలోంచి తీసేస్తారని చెప్పి ఉండదు. మీది కిలోల లెక్క కూలే అయి ఉంటుంది. ఆ రెండు రోజులు మధ్యాహ్నం నుంచి రమ్మనండి, లేదా ఆదివారం వచ్చి పూర్తి చేసుకోమనండి. చెప్పి మానేసే దారి చూపిస్తే చెప్పకుండా మానేయడం తగ్గుతుంది.

ఇప్పుడు బద్ద సంగతికి వద్దాం. కోత పెట్టడం వల్ల మీరు ఇద్దరికి నష్టం చేశారు, వాళ్లకీ మీకూ.

పప్పు ఎక్కడ విరుగుతోందో మీరు చూశారా? పొట్టు తీసే ఆవిడ పక్కన ఒక గంట కూర్చోండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పప్పుని తిప్పుతూ, చిన్న కత్తి మొనతో అలా ఒక వార ఎత్తుతుంది. మంచి పప్పయితే పొట్టు ఒక్క పొరగా లేచి వచ్చేస్తుంది. కొన్ని పప్పులకి పొట్టు అంటుకుపోయి గీకాల్సి వస్తుంది, అవి ముక్కలవుతాయి. ఇంకొన్ని అసలు ఆమె చేతికి వచ్చేసరికే చీలి ఉంటాయి, వేలు తగలగానే రెండవుతాయి. ఆ చీలిక ఆమె చేసింది కాదు. ఆవిరిలో ఉడికించిన పిక్కని, అంటే పెంకుతో ఉన్న జీడిగింజని, పూర్తిగా చల్లారనివ్వకుండా కటింగ్‌కి పంపితే చీలుతుంది. పెద్ద పిక్క, చిన్న పిక్క కలిసిపోయిన లాటుని ఒకే సందు పెట్టిన బ్లేడు మీద కొడితే పెద్దదాని పప్పుదాకా దెబ్బ దిగుతుంది. బోర్మాలో ఎక్కువ ఆరిపోతే పెళుసవుతుంది, తక్కువ ఆరితే పొట్టు వదలదు. బోర్మాలోంచి తీశాక కాసేపు చెమ్మ గాలి పట్టనిస్తే పెళుసు తగ్గుతుందని మీ నాన్నగారి నాటి మేస్త్రీలకి తెలిసే ఉంటుంది, అడగండి. ఇన్ని చోట్ల జరిగే తప్పంతా చివర్లో కూర్చున్న మనిషి పళ్లెంలో తేలుతుంది. మీరు కోత పెట్టింది ఆ చివరి మనిషికి.

కోత ఎత్తేయండి. దాని బదులు ప్రతి 80 కిలోల బస్తాకీ ఒక చీటీ పెట్టండి. ఎప్పుడు ఉడికింది, ఎన్ని గంటలు ఆరింది, ఎవరు కొట్టారు, బోర్మాలో ఎంతసేపుంది, చివరికి గుండు ఎంత, బద్ద ఎంత. నెల రోజులు చీటీలు చూస్తే బద్ద ఎక్కడ పుడుతోందో మీకే కనిపిస్తుంది. కోత భయంతో ఉన్నంతకాలం మాత్రం ఆ నిజం మీదాకా రాదు. విరిగిన పప్పు ఎవరి పళ్లెంలోంచో ఎవరి పళ్లెంలోకో పోతుంటుంది.

ఉత్తమ కార్మికురాలి ఫొటో కూడా తీసేయమంటాను. మీ మనసు మంచిదే, కాదనను. కానీ ఆ లెక్క చూడండి. పొట్టు తీసినందుకు కిలోకి ఇంత అని ఇస్తున్నారనుకుంటాను. డబ్ల్యూ 180 రకం అంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 180కి మించకుండా తూగే పెద్ద పప్పు. డబ్ల్యూ 450 అంటే అదే తూకానికి 400 నుంచి 450 పప్పులు. కిలో తూగడానికి ఒకావిడ 400 లోపు పప్పులు ఒలిస్తే, ఇంకొకావిడ 880కి పైగా ఒలవాలి. రేటు ఒకటే అయితే పెద్ద పిక్క లాటు దొరికినామెకే కూలీ ఎక్కువ, ఫొటోకూడా ఆమెదే. లాటు ఎవరికి పడాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? మేస్త్రీ అయితే, మీ షెడ్డులో సగం మనస్తాపాలు అక్కడే పుడుతున్నాయి.

ఇది నా ఊహ మాత్రమే కాదు. మన పక్క ఒడిశాలోనే కొందరు ఆర్థికవేత్తలు చిన్న చిన్న తయారీ పనులు చేసే కూలీలతో ఒక ప్రయోగం చేశారు. ఒకే జట్టులో కొందరికి ఎక్కువ కూలి, కొందరికి తక్కువ ఇచ్చారు. ఎవరి పని ఎంతో కళ్లకు కనపడని చోట, తక్కువ వచ్చినవాళ్ల పని పడిపోయింది, పనికి రావడం కూడా తగ్గించేశారు. నష్టపోయేది తామేనని తెలిసీ మానేశారు. పనిలో తేడా అందరికీ స్పష్టంగా కనిపించే చోట మాత్రం ఆ గొడవ లేదు. మీ దగ్గర రెండు దార్లున్నాయి. సైజుని బట్టి రేటు పెట్టండి, లేదా లాట్లు వంతులవారీగా తిప్పండి. ఏది చేసినా గోడ మీద రాసి పెట్టండి, ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేకుండా.

అదే ఒడిశాలో విస్తరాకులు కుట్టే కూలీలతో ఇంకో ప్రయోగం జరిగింది, అది నాకు మరీ ఇష్టం. పని మొత్తం అయ్యాక ఇవ్వాల్సిన కూలిలో కొంత కొందరికి ముందే ఇచ్చేశారు. రేటు మార్చలేదు, ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వలేదు. చేతిలో డబ్బు పడగానే వాళ్లు ముందు చేసిన పని అప్పులు తీర్చుకోవడం, ఇంటికి సరుకులు కొనుక్కోవడం. ఆ తర్వాత రోజుల్లో వాళ్లు కుట్టిన ఆకులు పెరిగాయి, తప్పులు తగ్గాయి. మరీ పేదవాళ్లలోనే ఈ మార్పు ఎక్కువ కనిపించింది. అప్పులవాడు సాయంత్రం ఇంటికొస్తాడన్న టెన్షన్ బుర్రలో తిరుగుతుంటే చేతిలో పప్పు మీద ధ్యాస ఎలా నిలుస్తుంది? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మీ చుట్టుపక్కల జీడితోటల్నీ కొబ్బరితోటల్నీ పడగొట్టింది. సొంత చెట్టు పోయి కూలికి వచ్చినవాళ్లూ మీ షెడ్డులో ఉండే ఉంటారు. మీరు కూలి నెలకోసారి ఇస్తుంటే వారానికి మార్చండి. వారానికే ఇస్తుంటే ఆ వారం తప్పకుండా ఇవ్వండి. శనివారం అంటే శనివారమే. సరుకు అమ్ముడుపోలేదు, సోమవారం ఇస్తాననడం ఇక ఉండకూడదు. మోటివేషన్ క్లాసుకి పెట్టిన ఖర్చు ఇంకెప్పుడూ పెట్టకండి, ఆ డబ్బు అవసరానికి అడిగినవాళ్లకి అడ్వాన్సుగా ఉంచండి.

చేతుల సంగతి మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, అందుకే అడుగుతున్నాను. పిక్క కొట్టేవాళ్ల వేళ్లు చూశారా? పెంకులోని జీడిరసం అంటి నల్లబడి, పగిలి, పొక్కి ఉంటాయి. ఆముదం రాసుకునీ బూడిద అద్దుకునీ నెట్టుకొస్తారు. రాత్రి అన్నం ముద్ద కలిపితే ఉప్పూ కారం మండుతుంది. చేతితొడుగులు ఇచ్చాం, వేసుకోవడం లేదండీ అని యజమానులు అంటారు. మందపాటివి వేసుకుంటే పిక్క చేతికి తెలియదు, పని నెమ్మదిస్తుంది, కూలి పడిపోతుంది. రెండు మూడు రకాలు తెచ్చి, వాళ్లనే వారం వాడి చూడమని, వాళ్లు ఎంచుకున్నవే కొనండి. ఆముదం, సబ్బు మీ ఖర్చే కావాలి.

నేల మీద గంటల తరబడి కూర్చునే ఆడవాళ్లకి నడుం నొప్పి రావడం, మెడికల్ షాపులో ఒళ్లు నొప్పుల బిళ్లలు కొని మింగడం మన దగ్గర మామూలైపోయింది. ఆ బిళ్లలు అదే పనిగా వాడితే కిడ్నీ దెబ్బతింటుంది. ఇది డాక్టర్లందరూ చెప్పేదే. నడుముకి ఆనుకునే పీట, మోచెయ్యి ఎత్తులో బల్ల, తల మీద కాకుండా పప్పు మీద పడే దీపం, ఈ మూడూ పెట్టించండి. దీపం ఎల్‌ఈడీ అయితే వేడి కూడా తగ్గుతుంది. బెంగళూరు బట్టల ఫ్యాక్టరీల్లో పాత లైట్లు తీసి ఎల్‌ఈడీలు పెట్టాక ఎండ రోజుల్లో పని పడిపోవడం తగ్గిందని తేలింది. కరెంటు బిల్లు కోసం మార్చారు, కుట్టే చేతులకి చల్లదనం దొరికింది.

పసిపిల్లలు ఉన్నవాళ్లు మీ దగ్గర ఎంతమంది? 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 30 మందికి మించి ఆడవాళ్లు ఉన్నచోట పిల్లల గది ఉండాలని రాశారు. తాగే నీళ్లు మరుగుదొడ్డికి కనీసం 6 మీటర్ల దూరంలో ఉండాలనీ, ఐదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించకుండా అరగంట విశ్రాంతి ఇవ్వాలనీ అందులోనే ఉండేది. ఈఎస్‌ఐ కట్టకపోతే కట్టండి. కూలిలో వాళ్ల వాటా 0.75 శాతం, మీది 3.25 శాతం. ఆ కార్డు ఉంటే జబ్బు చేసి మంచాన పడినప్పుడు కూలిలో 70 శాతం దాకా వాళ్లకి వస్తుంది. ఇవన్నీ మీ ఆడిటరు ఒక్కరోజులో చెప్పగలడు.

ఇంకొక్కటి, ఇది మీకు కొంచెం కష్టంగా ఉండొచ్చు. అహ్మదాబాదు కాలికో మిల్లులో ఆటోమేటిక్ మగ్గాలు తెచ్చినా బట్ట అనుకున్నంత రాలేదు. 1953లో ఎ.కె. రైస్ అనే పరిశోధకుడు ఒక సలహా ఇచ్చాడు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క పని కాకుండా, కొన్ని మగ్గాలు మొత్తంగా ఒక జట్టుకి అప్పగించమన్నాడు. ఎవరు ఏ జట్టో పనివాళ్లే వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని తేల్చుకున్నారు. బట్ట పెరిగింది, పాడైపోయేది తగ్గింది. మీరూ ఒక లాటు మొత్తాన్ని, కొట్టడం దగ్గర్నుంచి పొట్టు తీయడం దాకా, ఒక జట్టుకి అప్పగించి చూడండి. జట్టులో ఎవరుండాలో మీరు చెప్పొద్దు, మేస్త్రీ అసలే చెప్పొద్దు. అప్పాచెల్లెళ్లు, ఒకే వీధివాళ్లు, ఒకరి పిల్లల్ని ఒకరు చూసుకునేవాళ్లు తమంతట తామే కలుస్తారు. కొట్టే ఆవిడ బ్లేడు సరిగా పెట్టకపోతే పొట్టు తీసే ఆవిడే వెళ్లి చెబుతుంది. నలభై మందికీ ఒకేసారి చేయకండి, ఎవరు ఇష్టపడితే ఆ ఒక్క జట్టుతో మొదలుపెట్టండి.

ఇవన్నీ ఒకేసారి చేయలేరు. మీ ముఖం మీద వాళ్లు అన్నీ చెప్పనూ చెప్పరు. మీటింగు పెడితే అంతా బాగానే ఉంది బాబూ అంటారు. మీ ఇంట్లో ఆడవాళ్లని ఎవరినైనా, మీ అమ్మగారిని, పొట్టు తీసేవాళ్ల మధ్య ఒక రోజు కూర్చోమనండి. ఆవిడ మీ నాన్నగారి కాలంలో ఆ షెడ్డులోకి వచ్చి ఉంటే వాళ్ల పేర్లు ఆవిడకి తెలిసే ఉంటాయి. సాయంత్రం ఆవిడ చెప్పింది మధ్యలో ఆపకుండా వినండి.

రేపు పొద్దున్న గడియ బిగించండి, మరుగుదొడ్డిలో బకెట్టు, మగ్గు, సబ్బు, మూత ఉన్న చెత్తబుట్ట పెట్టించండి, కడగడానికి మనిషిని పెట్టండి. తర్వాత మంచినీళ్ల క్యాన్లు లెక్కపెట్టండి. 48 మందికి మనిషికి రెండున్నర లీటర్లు వేసుకున్నా రోజుకి 120 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఆరు ఖాళీ కావాలి. ఇప్పుడు మీ దగ్గర ఎన్ని ఖాళీ అవుతున్నాయి? రెండో మూడో అయితే నా అనుమానం నిజమే. రెండు నెలల తర్వాత నాకు మళ్లీ ఉత్తరం రాయండి. గుండు ఎంత, బద్ద ఎంత అన్నది రెండో లైన్లో రాయండి. మొదటి లైన్లో క్యాన్ల లెక్క రాయండి.